కొబ్బరిచెట్టు కింద కారు: ఇన్సూరెన్స్‌కి ఎంత కట్టాలో లెక్క వేసుకోవడం ఎలా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నా కారు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా అక్క వాళ్ళ పెరట్లో ఉంది. తెల్లారి తలుపు తీస్తే పెరడు పెరడులా లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి కూలి ఉన్నాయి, వాటిలో ఒకటి కారు టాప్ మీద అడ్డంగా పడింది. మా బావ కాసేపు చూసి, "ఏటోయ్, దీనికి ఫుల్ ఇన్సూరెన్సేనా?" అన్నారు. కాదు. ఆ ఏడాది రెన్యువల్‌లో మూడున్నర వేలు మిగులుతాయని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాను. తోటంతా పోయిన మనిషి ముందు కారు గురించి బాధపడటానికి కూడా సిగ్గేసింది.

ఆ దెబ్బకి మరుసటి కారుకి షోరూమ్‌లో ఏం చూపిస్తే అది తీసుకున్నాను. తాళం పోతే డబ్బు, టైరు పగిలితే డబ్బు, కారులో సామాను పోతే డబ్బు. మూడేళ్ళు కట్టాను, ఒక్కటీ వాడలేదు. రెండు రకాల తప్పులూ చేశాక కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ప్రతి రెన్యువల్‌కీ వేసే లెక్క ఇది. మీరూ మీ పాత పాలసీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ప్రీమియాన్ని విడగొట్టండి

పాలసీలో అడుగున కనిపించే మొత్తం చూడకండి. దాని పైన రెండు గడులుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకే జరిగే నష్టానికి. మనవాళ్ళు ఫుల్ ఇన్సూరెన్స్ అనేది ఈ రెండూ కలిసి ఉన్న పాలసీనే.

థర్డ్ పార్టీలో మీరు నిర్ణయించాల్సింది ఏమీ లేదు. అది చట్టం ప్రకారం తప్పనిసరి, రేటు కూడా ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం సొంత కారుకి 1000 సీసీ లోపైతే ఏడాదికి రూ. 2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ. 3,416, ఆ పైన రూ. 7,897. దాని మీద 18 శాతం జీఎస్టీ. కాబట్టి ఎవరైనా "మా దగ్గర చాలా తక్కువ" అంటే తగ్గింది ఓన్ డ్యామేజ్ గడిలో అని అర్థం. ఎందుకు తగ్గిందో అక్కడే వెతకాలి.

ఇది లేకుండా దొరికితే మొదటిసారి రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే అసలు భయం జరిమానా కాదు. హైవే మీద మన కారు తగిలి మనిషి చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. ప్రాణనష్టానికి, గాయాలకు థర్డ్ పార్టీలో పరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం రూ. 7.5 లక్షల వరకే.

కొత్త కారు కొన్నవాళ్ళకి ఒక మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ మూడేళ్ళకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతో "నాకు మూడేళ్ళు ఇన్సూరెన్స్ ఉంది" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఓన్ డ్యామేజ్ ఏడాదికే కట్టి ఉంటే రెండో ఏడు కారుకి దెబ్బ తగిలినప్పుడు గానీ సంగతి తెలియదు. రెండు తేదీలూ విడివిడిగా చూసుకోండి.

కారులో కూర్చునేవాళ్ళ సంగతి

దీని గురించి ఏజెంట్లు పెద్దగా చెప్పరు, మనమూ అడగం. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో, సొంత కారులో మీతో ఊరికే ప్రయాణించేవాళ్ళకి రక్షణ ఉండదు. ఫుల్ పాలసీ ఉంటే ఉంటుంది. పెళ్ళికి పదిమంది చుట్టాలని తిప్పే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఓన్ డ్యామేజ్ మానేయాలనుకున్నప్పుడు రేకుల ఖర్చు ఒక్కటే కాదు, ఇది కూడా లెక్కలోకి రావాలి.

యజమానికి రూ. 15 లక్షల ప్రమాద బీమా విడిగా ఉంటుంది. మీకు ఇప్పటికే అంత మొత్తానికి వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉంటే మళ్ళీ కట్టక్కర్లేదు. స్కూటరుకి ఒకటి, కారుకి ఒకటి అని రెండుసార్లూ అక్కర్లేదు. అయితే అది ఆర్‌సీలో పేరుండి, లైసెన్స్ ఉన్న యజమానికే వర్తిస్తుంది. మన దగ్గర అమ్మ పేరు మీద కారు కొని కొడుకు నడిపే ఇళ్ళు ఎన్ని లేవు! అలాంటి ఇంట్లో కొడుకు తన పేరు మీద విడిగా ప్రమాద పాలసీ తీసుకోవాలి.

మిగతా సీట్లకు పేర్లు రాయకుండా తీసుకునే ప్రమాద కవర్ చాలా చవక. పాత టారిఫ్ (మునుపటి రేట్ల పట్టిక) లెక్కన మనిషికి లక్ష రూపాయల కవర్‌కి ఏడాదికి రూ. 50. జీతానికి డ్రైవర్ ఉంటే అతని బాధ్యతకు ఇంకో రూ. 50. నేనైతే తాళాల కవర్ తీసేసి ఇవి పెట్టించుకున్నాను.

మీ కారు ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ తిరుగుతుంది?

ఒక కాగితం మీద రాయండి. రాత్రి ఎక్కడ పెడతారు? షెడ్డు ఉందా, చెట్టు కిందా, వీధిలోనా? నాగావళి, వంశధార పొంగితే నీళ్ళొచ్చే వీధా? వారానికి ఎన్నిసార్లు ఎన్‌హెచ్ 16 ఎక్కుతారు? చీకటి పడ్డాక గేదెలు హైవే మీద సేదతీరే చోట్లు మీ దారిలో ఎన్ని?

ఈ ఉత్తరాంధ్ర జిల్లాలకి తుపాను కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, నాలుగేళ్ళు తిరిగేసరికి తిత్లీ. తుపాను, వరద, చెట్టు పడటం, దొంగతనం, అగ్ని ప్రమాదం ఇవన్నీ మామూలు ఓన్ డ్యామేజ్‌లోనే ఉంటాయి. ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పడితే మాత్రం ఏ పాలసీ ఇవ్వదు, అది అరుగుదల కింద పోతుంది.

ఇంజిన్‌లోకి నీళ్ళు పోవడం వేరే కథ. కారు నీళ్ళలో మునిగిందనుకోండి. సీట్లు, వైరింగ్ పాలసీలో వస్తాయి. నీళ్ళు దిగకముందే మనం తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ నష్టం మన చేతలవల్ల వచ్చిందని మామూలు పాలసీ ఇవ్వదు. దానికే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్. పల్లపు వీధిలో ఉంటే తీసుకోండి. మేడ మీద పార్కింగ్ ఉండి, వానలో కారు తీయని మనిషికి దండగ. యాడ్ ఆన్ ఉన్నా లేకపోయినా, మునిగిన కారుని స్టార్ట్ చేయకుండా తోయించి బండికి కట్టించి తీసుకెళ్ళడమే పని.

తీసుకెళ్ళడం అంటే ఎక్కడికి? ఇక్కడే మనకీ వైజాగ్ వాళ్ళకీ తేడా. మామూలు పాలసీలో ప్రమాదం తర్వాత కారుని లాగించే ఖర్చుకి ఇచ్చేది రూ. 1,500 వరకే. ఇచ్ఛాపురంలో ఆగిపోయిన కారుని వైజాగ్ షోరూమ్‌కి చేర్చాలంటే ఆ డబ్బు ఏ మూలకి? అందుకే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనేది సిటీ వాళ్ళకి అవసరం ఉండొచ్చు, లేకపోవచ్చు గానీ పలాస, సోంపేట వైపు వాళ్ళకి నేను తీసుకోమనే చెబుతాను. ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితంగా లాగుతారో రాతలో చూసుకోండి. అలాగే కంపెనీ వాళ్ళ క్యాష్‌లెస్ గ్యారేజీల జాబితాలో మీ జిల్లాలోవి ఎన్ని ఉన్నాయో కట్టకముందే చూడండి. దగ్గర్లో గ్యారేజీ లేని కంపెనీ 400 రూపాయలు చవకైతే అది చవక కాదు.

ఐడీవీ తగ్గించి మురిసిపోకండి

ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. మీ మోడల్ ఇప్పటి షోరూమ్ ధర మీద వయసును బట్టి తరుగు తీస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడు లోపు 30, నాలుగు లోపు 40, ఐదు లోపు 50. ఐదేళ్ళు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకున్నంత.

ప్రీమియం తక్కువ చూపించడానికి సులువైన దారి ఈ అంకెని దించడం. లెక్క చూద్దాం. ఐడీవీ 4 లక్షలు, దానికి ఓన్ డ్యామేజ్ రూ. 6,000 అనుకోండి. ఐడీవీని 3.4 లక్షలు చేస్తే అది రూ. 5,100 అవుతుంది. మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకి ఓన్ డ్యామేజ్‌లో ఇచ్చే తగ్గింపు) ఉంటే చేతికి మిగిలేది 450, జీఎస్టీతో 531. కారు పోతే నష్టం 60,000. ఈ బేరం ఎవరు చేస్తారు? అలాగని మార్కెట్లో 4 లక్షలు పలికే కారుకి 5 లక్షలు రాయించడం కూడా వృథా ఖర్చే. పాత కార్లు అమ్మేవాళ్ళని ఇద్దరిని అడిగి, ఆ ధర దగ్గరలో పెట్టండి.

బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్టే లెక్క. 4 లక్షల కారుకి ఆ గీత 3 లక్షల దగ్గర.

ఓన్ డ్యామేజ్ అసలు ఉంచాలా?

పై కారునే తీసుకుందాం. ఓన్ డ్యామేజ్ 6,000లో బోనస్ పోను 3,000, జీఎస్టీతో 3,540. ఏడాదికి ఆ డబ్బుకి 4 లక్షల వస్తువుకి కాపలా. ఇక్కడ నాకు అనుమానమే లేదు, కట్టాల్సిందే. 2018లో నేను మిగుల్చుకున్నదీ దాదాపు ఇంతే, అందుకే ఆ అంకె నాకు నోటికి వచ్చు.

మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇది: రేపు ఉదయానికి కారు లేకపోతే, అప్పు చేయకుండా ఇలాంటిదే ఇంకోటి కొనగలనా? కొనలేకపోతే ఉంచండి. లోన్ ఉంటే ఈ ప్రశ్నే లేదు, బ్యాంకు ఎలాగూ అడుగుతుంది. కారుకి పదమూడేళ్ళొచ్చి, ఐడీవీ 80 వేలు ఉండి, నెలకి రెండుసార్లు అరసవల్లి వరకు వెళ్ళొచ్చే బండి అయితే థర్డ్ పార్టీ, సీట్లకు ప్రమాద కవర్ పెట్టుకుని మిగతా డబ్బు బ్యాంకులో వేసుకున్నా తప్పు లేదు. తర్వాత మనసు మారితే మళ్ళీ తీసుకోవచ్చు గానీ కారుని తనిఖీ చేశాకే ఇస్తారు, 90 రోజులు దాటితే బోనస్ కూడా పోతుంది.

జీరో డెప్: ఇక్కడ పెన్ను బయటికి తీయండి

మామూలు పాలసీలో పార్టులు మార్చినప్పుడు తరుగు మన మీద పడుతుంది. ఆ తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్ పేరే జీరో డెప్. ప్లాస్టిక్, రబ్బరు, టైరు, బ్యాటరీలకు 50 శాతం. ఫైబర్‌కి 30. ఇనుప రేకుకి కారు వయసును బట్టి, ఐదు నుంచి పదేళ్ళ మధ్య కారైతే 40 శాతం. అద్దానికి తరుగు లేదు, కాబట్టి లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరి ముందద్దం పగిలితే జీరో డెప్ లేకపోయినా దాదాపు మొత్తం వస్తుంది.

మడపాం టోల్‌గేట్ క్యూలో ముందు బంపర్ పగిలిందనుకోండి. బంపర్ రూ. 14,000, పెయింటింగ్ 6,000, కూలి 3,000. మొత్తం 23,000. బంపర్‌లో సగం, 7,000 మీది. పెయింటింగ్‌లో నాలుగో వంతుని రంగు ఖర్చుగా తీసుకుని అందులో సగం కోస్తారు, అది 750. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లోనూ తప్పనిసరిగా పోయేది 1,000. మీ చేతి నుంచి 8,750, కంపెనీ నుంచి 14,250.

జీరో డెప్ ఉంటే మీరు పెట్టేది ఆ వెయ్యే. అంటే 7,750 మిగులు. దాని ధర జీఎస్టీతో 2,360 అనుకుంటే మూడేళ్ళకి 7,080. మూడేళ్ళలో ఇలాంటి దెబ్బ ఒకటి తగిలితే సరికి సరి. కొత్తగా నడపడం నేర్చినవాళ్ళు, కారు పిల్లల చేతికి ఇచ్చేవాళ్ళు, విజయనగరంలో సిరిమాను ఉత్సవం రోజున కూడా మూడు లాంతర్ల జంక్షన్ వైపు కారు తీసే ధైర్యవంతులు తీసుకోవాలి. ఐదేళ్ళు దాటిన కారుకి దాని ధర పెరుగుతూ పోతుంది, కాబట్టి అప్పుడు ఈ లెక్క మళ్ళీ వేయండి.

క్లెయిమ్ చేస్తే ఎంత పోతుంది?

ఇది తెలియకపోతే పై లెక్కలన్నీ సగమే. క్లెయిమ్ లేని ఏళ్ళకి ఓన్ డ్యామేజ్ మీద 20, 25, 35, 45, 50 శాతం చొప్పున బోనస్ పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో మళ్ళీ సున్నా. 50 శాతంలో ఉన్నవాళ్ళు 6,000 మీద మొదటి ఏడు 3,000 పోగొట్టుకుంటారు. తర్వాత 1,800, 1,500, 900, 300. ఐదేళ్ళకి 7,500, జీఎస్టీతో 8,850.

కాబట్టి బంపర్ క్లెయిమ్‌లో వచ్చిన 14,250లో నికర లాభం 5,400 మాత్రమే. కంపెనీ ఇచ్చేది తొమ్మిది వేల లోపైతే జేబులోంచి పెట్టుకోవడమే మేలు. గీతలకి, చిన్న సొట్టలకి క్లెయిమ్ చేయకూడదని నిర్ణయించుకున్నాక, స్వచ్ఛందంగా కొంత భారం మనమే మోస్తామని రాసిచ్చి ప్రీమియం తగ్గించుకోవచ్చు. పాత టారిఫ్‌లో రూ. 2,500కి తగ్గింపు 20 శాతం, గరిష్ఠంగా 750. నాకిది పనికొచ్చింది. ఏడాదికో సొట్ట పెట్టుకొచ్చేవాళ్ళకి పనికిరాదు.

ఆ బోనస్ మనిషిది, కారుది కాదు. కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళ లోపు కొత్త కారుకి వాడుకోవచ్చు.

కట్టీ ఉపయోగం లేకుండా పోయే దారులు

వైట్ బోర్డు కారులో డబ్బులు తీసుకుని వైజాగ్ కేజీహెచ్ ఆసుపత్రికి, ఎయిర్‌పోర్ట్‌కి మనుషుల్ని తీసుకెళ్ళడం మన దగ్గర మామూలే. "ఏటవుతాది, తెలిసినవాళ్ళే కదా" అంటారు. దారిలో ప్రమాదం జరిగి కిరాయి సంగతి బయటపడితే క్లెయిమ్ పోయినట్టే. సొంత వాడకం పాలసీలో కిరాయికి చోటు లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టండి. ఆర్‌సీ మీ పేరు మీద, పాలసీ పాత యజమాని పేరు మీద ఉంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర తెల్లబోతారు. పాత యజమాని బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాలి. తర్వాత పెట్టించిన సీఎన్‌జీ కిట్‌ని ఆర్‌సీలోనూ పాలసీలోనూ రాయించాలి. నడిపేవాళ్ళ లైసెన్స్ గడువు చూడండి.

గేదె తగిలినప్పుడు పెద్దమనుషులు కూర్చుని తేల్చిన డబ్బు మీరు అక్కడికక్కడే ఇచ్చేస్తే కంపెనీ తిరిగి ఇస్తుందనుకోకండి. ముందు కంపెనీకి ఫోన్ చేయండి. కారు కదిలించేలోపు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకుండా పార్టులు విప్పించకండి.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఏడాది లోపు రాయొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక తేదీ. వీలైతే మీ రెన్యువల్ అక్టోబరులోకి జారకుండా చూసుకోండి. గడువు తీరిన పాలసీని తుపాను హెచ్చరిక వచ్చాక ఫుల్‌గా చేయించుకోవాలంటే ముందు ఎవరో వచ్చి కారు చూడాలి, లేదా ఫోన్‌లో వీడియో తీసి పంపాలి. ఆ గాలిలో అదయ్యే పని కాదు. నేను ఏటా ఆగస్టు చివర్లో కట్టేసి, కారు ఫోటోలు కొత్తగా తీసి ఫోన్‌లో పెట్టుకుంటాను. ఉద్దానం వెళ్ళినప్పుడు మా బావ ఇప్పటికీ గేటు దగ్గరే నిలబడి, "పెరట్లోకి ఎందుకు, రోడ్డు మీదే ఉంచోయ్" అంటారు.